వంద వాట్ల గొంతు

డిసెంబరు నెల, ఉదయం ఆరు దాటి పది నిమిషాలు. స్టూడియో కిటికీ అవతల పొగమంచులో యాంటెన్నా స్తంభం సగం వరకే కనిపిస్తోంది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతూ, మా జిల్లాలోని ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో పొద్దుటిపూట అనౌన్సర్‌గా పనిచేస్తున్న రోజులవి. వాతావరణ వివరాలు చదివి, పాట పెట్టి, టీ గ్లాసు అందుకోబోతుంటే ఫోన్ మోగింది.

"సార్, మీది ఏ ఊరి రేడియో?"

మాట్లాడుతున్నది ఒక లారీ డ్రైవర్. ఊరి పేరు చెప్పాను. ఆయన గట్టిగా నవ్వాడు. తను అక్కడికి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కన ఒక దాబా దగ్గర లారీ ఆపుకుని ఉన్నాడట. "మీరు పక్క మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది సార్" అన్నాడు.

మా ట్రాన్స్‌మిటర్ ప్రసార శక్తి వంద వాట్లు. అంటే పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి వెలగడానికి సరిపోయేంత. మామూలు రోజుల్లో పది పదిహేను కిలోమీటర్లు దాటితే మా గొంతు గరగరలో కలిసిపోయేది. మరి ఆ రోజు నూట ఇరవై కిలోమీటర్లు ఎలా వెళ్లింది?

చలికాలం రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. దాని పైన మాత్రం కొంచెం వెచ్చటి గాలి పొర మిగిలిపోతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చలి పెరగాలి. ఇక్కడ తలకిందులవుతుంది. చల్లటి, తేమగల గాలిలో రేడియో తరంగాల వక్రీభవనం ఎక్కువ, పైనున్న వెచ్చటి పొడిగాలిలో తక్కువ. అందుకే నేరుగా అంతరిక్షంలోకి పోవలసిన తరంగాలు ఆ సరిహద్దు దగ్గర కిందికి వంగి, భూమి వంపును అనుసరిస్తూ, గొట్టంలో నీళ్లలా చాలా దూరం పారతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే ఆ గొట్టం చెదిరిపోతుంది. ఎనిమిదింటికల్లా ఆ దాబాలో మేం మాయమైపోయి ఉంటాం.

ఆ ఫోన్ తెచ్చిన సంతోషం నాకు నెల రోజులు సరిపోయింది. అదే స్టేషన్‌లో, మరో ఆరు నెలలకు, నా వేలు కాలింది. రెండింటికీ కారణం ఆ వంద వాట్లే కాబట్టి రెండూ చెబుతాను.

అంతా ఒకే కప్పు కింద

మన దేశంలో స్థానిక రేడియో రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ఆకాశవాణి లోకల్ స్టేషన్లు. 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో ఈ ప్రయోగం మొదలైంది. తర్వాత ఆదిలాబాద్, నిజామాబాద్, కొత్తగూడెం, అనంతపురం లాంటి చోట్లకు విస్తరించింది. రెండోది కమ్యూనిటీ రేడియో. దీనికి తలుపు తీసింది 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు అందులో చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ కేసు క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం గురించి వచ్చింది! 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం తన క్యాంపస్ రేడియోను ప్రారంభించింది. 2006లో విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశమిచ్చారు.

ఆ మార్పు ఫలితంగా వచ్చిన తొలి గ్రామీణ స్టేషన్ తెలుగు నేల మీదే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. నడిపింది దళిత మహిళా రైతులు. లైసెన్సు రాక ముందు ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసుకుంటూ వచ్చారు. జొన్నలు, కొర్రలు, విత్తనాల దాపకం, పండగ పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. మొదట్నుంచీ స్టేషన్ బాధ్యతలు చూసిన వారిలో ఇద్దరి పేరూ నర్సమ్మే. నాలాంటి వాళ్లు మైకు ముందు కూర్చోగానే పాఠ్యపుస్తకం తెలుగులోకి జారిపోతాం. వాళ్లు జారలేదు.

కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు సాధారణంగా వంద వాట్ల ప్రసార శక్తినే అనుమతిస్తాయి. యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. ఎఫ్ఎం తరంగాలు దాదాపు సరళరేఖలోనే వెళ్తాయి కాబట్టి ఆ ఎత్తు నుంచి లెక్క ప్రకారం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం వరకు అవి దిగంతాన్ని అందుకోగలవు. కానీ దారిలో గుట్టలు, చెట్లు, ఇళ్లు ఉంటాయి. చేతిలో ఉన్నదేమో వంద వాట్లు. కాబట్టి ఆచరణలో అందులో సగం దూరం దక్కితే గొప్ప.

పెద్ద కేంద్రాల్లో అనౌన్సర్ ఊరి మధ్య ఉంటే ట్రాన్స్‌మిటర్ సాధారణంగా ఊరి బయట ఎక్కడో ఉంటుంది. మధ్యలో కంచెలు, తాళాలు, షిఫ్టుల్లో పనిచేసే ఇంజినీర్లు. చిన్న స్టేషన్‌లో ఇవేవీ ఉండవు. ఒకే మేడ. కింద గదిలో మైకు, పక్క గదిలో ట్రాన్స్‌మిటర్, మెట్ల కింద బ్యాటరీలు, పైకప్పు మీద స్తంభం. పాట పెట్టిన చెయ్యే ఫ్యూజు మారుస్తుంది. శ్రోతకు మనం ఎంత దగ్గరో, మనకు ఆ యంత్రాలూ అంతే దగ్గర.

షాక్ కొట్టని కరెంటు

అది జూన్. ముందురోజు రాత్రి వాన పడింది. ఉదయం ట్రాన్స్‌మిటర్ ముందు భాగంలో ఎర్ర లైటు వెలిగింది. యాంటెన్నా దాకా వెళ్లిన శక్తిలో కొంత వెనక్కి తిరిగి వస్తోందని దాని అర్థం. కేబుల్ జాయింట్‌లోకి నీరు చేరి ఉంటుంది. టెక్నీషియన్ అన్న ఊళ్లో లేడు. నేను ట్రాన్స్‌మిటర్ ఆపి, మేడ మీదికెక్కి, జాయింట్ విప్పి, బట్టతో తుడుస్తున్నాను. కింద ఉన్న కొత్త అమ్మాయికి నేను పైకి వెళ్లిన సంగతి తెలియదు. రేడియో మూగబోయిందని కంగారుపడి స్విచ్ వేసింది.

నా చూపుడు వేలు ఆ కేబుల్ నడుమ ఉన్న తీగకు తగులుతూ ఉంది. షాక్ కొట్టలేదు. ఒళ్లు జలదరించలేదు, చెయ్యి వెనక్కి విసిరినట్టు కాలేదు. వెంట్రుక కాలినట్టు సన్నటి వాసన, ఆ తర్వాత మంట. చూసుకుంటే గుండుసూది తలంత తెల్లటి మచ్చ. అది మానడానికి రెండు వారాలు పట్టింది. పైకి చిన్నదే గానీ చర్మం లోపలి వరకు ఉడికిన గాయం.

ఫిజిక్స్ చదువుతున్నా ఆ రోజు వరకు నాకు ఇది ఒంటికి ఎక్కలేదు. ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. నరాలకు ఆ వేగం అందుతుంది, అందుకే కండరాలు బిగుసుకుంటాయి, దాన్నే షాక్ అంటాం. ఎఫ్ఎం తరంగం సెకనుకు దాదాపు తొమ్మిది కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. నరం ఒకవైపు స్పందించే లోపే కరెంటు ఇటు తిరిగి అటు తిరిగి ఎక్కడికో పోతుంది. నరానికి కబురే అందదు. కానీ కణజాలంలోని అణువులు మాత్రం కదులుతూనే ఉంటాయి, వేడి పుడుతూనే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లలో సర్జన్లు కరెంటు కత్తితో చర్మం కోస్తూ రక్తస్రావాన్ని ఆపేది ఈ సూత్రం మీదే. రోగికి షాక్ తగలదు, తెగిన చోట మాత్రం కాలుతుంది. నరాలు హెచ్చరించవు కాబట్టి, వేడి తెలిసేసరికే కాలడం అయిపోతుంది.

దీనికి ఇంకో చిక్కు ఉంది. 90.4 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3.3 మీటర్లు. యాంటెన్నాలో వాడే కడ్డీ పొడవు దానిలో సగం, అంటే సుమారు 1.66 మీటర్లు. ఒక మనిషి ఎత్తు! ఇది కేవలం కాకతాళీయంగా చెప్పుకుని నవ్వుకునే మాట కాదు. నిలబడిన మనిషి ఒళ్లు కూడా ఒక యాంటెన్నాలాగే పనిచేస్తుంది, 70, 80 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ శక్తిని పీల్చుకుంటుంది. ఎఫ్ఎం బ్యాండ్ దానికి ఆనుకునే ఉంది. అందుకే అంతర్జాతీయ భద్రతా పరిమితులు ఈ పౌనఃపున్యాల దగ్గర అన్నిటికన్నా కఠినంగా ఉంటాయి. సాధారణ ప్రజలకు చదరపు మీటరుకు 2 వాట్లు, శిక్షణ పొంది పనిచేసేవారికి 10 వాట్లు.

వంద వాట్ల స్టేషన్‌కు ముతకగా లెక్క వేసి చూద్దాం. స్తంభం కింద, 30 మీటర్ల దూరంలో నిలబడితే ఒంటి మీద పడే శక్తి చదరపు మీటరుకు 0.015 వాట్లు. పరిమితిలో వందో వంతు కూడా కాదు. ఊళ్లో ఉన్న శ్రోతకు అందేది అంతకన్నా వేల రెట్లు తక్కువ. కాబట్టి "రేడియో టవర్ పక్కన ఇల్లు కడితే ఏమవుతుందో" అని భయపడేవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. కానీ యాంటెన్నాకు రెండు మీటర్ల దూరానికి ఎక్కితే అది 3 వాట్లు దాటుతుంది. ఒక మీటరు దగ్గర 13 వాట్లు. ప్రసారం నడుస్తుండగా బల్లిలా స్తంభం పట్టుకుని పైదాకా ఎక్కే కుర్రాడికి మాత్రం ప్రమాదం నిజమైనదే. పడిపోయే ప్రమాదం సరేసరి, అది ఏ లెక్కలూ అక్కర్లేకుండానే కనిపిస్తుంది.

పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు. స్విచ్ బోర్డుకు తాళం వేసి, ఆ తాళం చెవి పైకెక్కే మనిషి జేబులో పెట్టుకోవాలి. ఫ్యాక్టరీల్లో ఇది ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. చిన్న రేడియోల శిక్షణ తరగతుల్లో మైకు ముందు ఎలా ఊపిరి పీల్చాలో మూడు రోజులు చెబుతారు, ఈ తాళం చెవి గురించి మూడు నిమిషాలు చెప్పినవాళ్లను నేను చూడలేదు.

మూసిన గదిలో

స్టూడియో తలుపు వేస్తే బయటి శబ్దం రాదు. గాలి కూడా రాదు. ఫ్యాను తిరిగితే మైకులో హోరు వినిపిస్తుంది, అందుకని ఆపేస్తాం. పది అడుగుల గది, ముగ్గురు మనుషులు, గంట సేపు చర్చా కార్యక్రమం. ఒక మనిషి కూర్చుని మాట్లాడుతూ గంటకు దాదాపు ఇరవై లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి మారకపోతే గంటలో ఆ గదిలో దాని మోతాదు బయట ఉన్నదానికి ఆరేడు రెట్లు అవుతుంది. ప్రాణాపాయం లేదు గానీ తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి, నాలుక తడబడుతుంది. చర్చ చివరి పది నిమిషాలు ఎందుకు చప్పగా ఉంటాయని శ్రోతలు అడిగినప్పుడు మేం అతిథుల మీద నెపం వేసేవాళ్లం. పాపం, తప్పు గాలిది.

చెవుల సంగతి వేరు. హెడ్‌ఫోన్లలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని ఒక ప్రామాణిక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. మన గొంతు మనకే బాగా వినపడాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం అనౌన్సర్లందరికీ ఉన్న జబ్బు. పోయిన వినికిడి తిరిగి రాదు.

మెట్ల కింద బ్యాటరీలకూ ఒక మాట. ఛార్జింగ్ ఎక్కువైతే వాటి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అయినా ఎన్నో చోట్ల వాటిని దుమ్ము పడకుండా బీరువాలో పెట్టి తలుపు బిగిస్తారు.

మైకు ఆన్‌లో ఉందని మరిచి మాట్లాడటం ప్రమాదాల కిందికి వస్తుందో లేదో మీరే చెప్పాలి. ఒకసారి పాట మధ్యలో, "ఈ పాటంటే నాకు ప్రాణం పోతుంది, ఎప్పుడైపోతుందో" అన్నాను. అది ఊరంతా విన్నది. ఆ పాట కోరిన పెద్దాయన సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర నన్ను గొంతుతో గుర్తుపట్టాడు.

కానీ ఆ గుర్తుపట్టడమే కదా ఈ పనిలోని రుచి. ఒక దిశ నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునే మైకులకు ఒక లక్షణం ఉంది. నోరు వాటికి బాగా దగ్గరైతే మందర స్వరాలు బరువెక్కుతాయి. నాలుగు వేళ్ల దూరం నుంచి మాట్లాడితే, పక్కన కూర్చున్న మనిషి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. నగర రేడియోలో ఆ దగ్గరితనం మైకు కల్పించేది. చిన్న ఊళ్లో మైకు కల్పించిన దాన్ని సంత నిజం చేస్తుంది. పంక్చర్ వేసే అతను డబ్బులు తీసుకోడు. పురుగు మందు గురించి పొద్దున నువ్వు చెప్పిన మోతాదు తప్పని, పొలం గట్టు మీద నిలబెట్టి ఒక రైతు సరిచేస్తాడు. మరుసటి రోజు పొద్దున ఆయన చెప్పింది నువ్వు చదవాలి. రామేశ్వరం దీవిలోని పాంబన్‌లో మత్స్యకారుల కోసం నడిచే కడల్ ఓసై అనే స్టేషన్ ఉంది. దాని శ్రోతలకు గాలి వేగం, అలల ఎత్తు సరదాకు వినే సంగతులు కావు. అక్కడ మైకు ముందు తప్పు చెబితే దాని బరువు వేరు.

పిడుగు దగ్గర చిక్కుముడి

ఆ బరువు నాకు అర్థమైంది ఒక మే నెల సాయంత్రం. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోకీ ఎత్తయినది మా స్తంభమే. పిడుగులో సగటున 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. స్తంభం నుంచి భూమిలోకి వెళ్లే ఎర్తింగ్ నిరోధం 10 ఓంలు ఉందనుకుంటే, ఓం సూత్రం ప్రకారం ఆ క్షణంలో స్తంభం మొదట్లో 3 లక్షల వోల్టులు నిలబడతాయి. అందులో కొంత కేబుల్ పట్టుకుని స్టూడియోలోకి, హెడ్‌ఫోన్ల దాకా రావచ్చు. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తింగ్ నిరోధం ఇంకా పెరుగుతుంది. సరిగ్గా పిడుగులు పడే కాలం అదే. ఎర్త్ గుంతలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలని రాసి పెట్టుకునేవాళ్లం. పోయడం మరిచిపోయేవాళ్లం.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. మూసిన స్టూడియోలో మెరుపు కనబడదు, ఉరుము వినబడదు. టెక్నీషియన్ అన్న దానికి ఒక ఉపాయం నేర్పాడు. బల్ల మీద ఒక పాత మీడియం వేవ్ రేడియో, ఏ స్టేషనూ లేని చోట పెట్టి ఉంచేవాడు. ప్రతి మెరుపుకూ అది ఫట్‌మని చిట్లుతుంది. మీడియం వేవ్‌లో కబురు తరంగం ఎత్తులో ఉంటుంది, మెరుపు దాన్ని చెడగొడుతుంది. ఎఫ్ఎంలో కబురు పౌనఃపున్యంలో దాగి ఉంటుంది కాబట్టి మెరుపు దాదాపు వినిపించదు. ఎఫ్ఎం స్టేషన్‌ను కాపలా కాసేది దాని పాత తరం రేడియో! ఇప్పుడు పుణెలోని ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ ఉంది. ఫోన్‌లోనే హెచ్చరిక వస్తుంది.

ఆ సాయంత్రం చిట్లుడు ఎక్కువైంది. నిబంధన ప్రకారం ట్రాన్స్‌మిటర్ ఆపి, యాంటెన్నా కేబుల్ ఊడదీసి, మైకుకు దూరంగా వచ్చి కూర్చున్నాను. పది నిమిషాలకు సెల్‌ఫోన్ మోగింది. ఒక ముసలమ్మ. "రేడియో బందైంది ఏంది బిడ్డా? వాన ఎటు పోతున్నదో చెప్తవని వింటున్న. మా ఆయన మేకల కాడున్నడు."

మన దేశంలో పిడుగులు ఏటా రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీస్తున్నాయి. చనిపోయేవారిలో ఎక్కువ మంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవారే. జనానికి రేడియో అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యే అరగంట అదే. అనౌన్సర్ మైకు వదిలి పక్కకు జరగాల్సిన అరగంట కూడా అదే. మంచి ఎర్తింగ్, కేబుల్ మీద సర్జ్ అరెస్టర్, ముందే రికార్డు చేసిన హెచ్చరికను మనిషి లేకుండా ప్రసారం చేసే కంప్యూటర్ ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మాకప్పుడు అవేవీ లేవు. ఎర్తింగ్ మెరుగు చేయడానికి అయ్యే ఖర్చు, వార్షికోత్సవానికి వేసిన షామియానా ఖర్చు కన్నా తక్కువని నేను తర్వాత లెక్క కట్టాను.

ఆమె భర్త ఆ రోజు క్షేమంగానే ఇల్లు చేరాడు. మేం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. రేడియో చిట్లడం మొదలవగానే, ఇంకా సమయం ఉండగానే, ఒకే మాట మూడుసార్లు చెప్పాలి: "పిడుగులు దగ్గరికి వస్తున్నాయి. మేం రేడియో ఆపుతున్నాం. మీరు చెట్ల కింది నుంచి బయటికి వచ్చి ఇళ్లలోకి వెళ్లండి. ఇల్లు దూరమైతే కాళ్లు దగ్గరపెట్టి గొంతుకు కూర్చోండి. పశువులకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, నేలలో పారే కరెంటు వాటి గుండె మీదుగా పోతుంది, వాటిని చెట్టు కింద కట్టకండి." ఆ తర్వాతే కేబుల్ ఊడదీయాలి.

రెండు నెలల తర్వాత ఊరి సంతలో ఆ మేకల పెద్దాయన ఎదురయ్యాడు. రేడియో తువ్వాలులో చుట్టి భుజాన వేసుకున్నాడు.

"మీ మాటలు నాకు సగమే ఇనబడతయి సారు. గాలి హోరు. కానీ రేడియో బందైందా, మేకలను ఇంటికి తోల్తున్న."

కరెంటు పోయినా మా రేడియో బందవుతుందని, బ్యాటరీ అయిపోయినా బందవుతుందని ఆయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ వానాకాలంలో ఆయన మేకలు కొన్ని సాయంత్రాలు ఊరికే తొందరగా ఇల్లు చేరి ఉంటాయి.